టైగర్ ట్యాంకు: నిజంగా అంత గొప్పదా, లేక పేరే గొప్పా?

గోదారిగాలి | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతూ ఊరుకుంటున్నాను, చర్చ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. నెల రోజులుగా జర్మన్ టైగర్ 1 బొమ్మ కిట్ అతుకుతున్నాను. 1:35 సైజుది. దాని చక్రాల దగ్గర నా ఓపిక అయిపోయింది, ఆ బాధ తర్వాత చెప్పుకుంటాను. పక్కన కూర్చుని చూస్తున్న మా అబ్బాయి ఉన్నట్టుండి అడిగాడు: "ఇది అంత గొప్ప ట్యాంకు అయితే వాళ్ళెందుకు ఓడిపోయారు నాన్నా?"

"తక్కువ చేశార్రా" అని ఏదో చెప్పి తప్పించుకున్నాను. వాడు నమ్మాడు, నాకే తృప్తిగా లేదు. 57 టన్నుల బరువు, ముందువైపు 100 మిల్లీమీటర్ల ఉక్కు, 88 మిల్లీమీటర్ల ఫిరంగి. 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు దాకా తయారైనవి 1,350 వరకు. కిట్ డబ్బాతో వచ్చిన కాగితంలో ఇంతకుమించి లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది మంచి ట్యాంకా కాదా?

ఎనభైఎనిమిది | శనివారం రాత్రి 9:40

మంచి ట్యాంకా అని అడుగుతారేంటి అన్నా! ఆ ఫిరంగి ఒక్కటి చాలదా? విమానాలను కొట్టడానికి చేసిన 88 కుటుంబానికి చెందినదే. పది కిలోల గుండు సెకనుకు 773 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. కిలోమీటరు దూరం నుంచి, 30 డిగ్రీలు వాల్చి పెట్టిన 100 మిల్లీమీటర్ల ఉక్కును చీల్చుకుని పోతుంది. 1943లో ఆ దూరంలో దానికి ఎదురు నిలబడే ట్యాంకు దాదాపు ఏదీ లేదు. అమెరికా ట్యాంకు షెర్మన్ 75 ఎంఎం గుండు గానీ, రష్యా ట్యాంకు టీ-34 పాత 76 ఎంఎం గుండు గానీ టైగర్ ముఖానికి తగిలితే గోడకు కొట్టిన బంతే.

పైగా లోపల 92 గుండ్లు పట్టేవి. దూరం నుంచి గురి చూడటానికి జర్మన్ అద్దాలు. ఇంకేం కావాలి?

తెల్లకాగితం | శనివారం రాత్రి 10:15

ఫిరంగి విషయంలో ఎనభైఎనిమిది గారితో గొడవ లేదు. ముందుగా ఒక అపోహ పక్కన పెడదాం. టీ-34ను చూసి భయపడి టైగర్ చేశారని చాలామంది అనుకుంటారు. కాదు. 88 ఫిరంగితో బరువైన ట్యాంకు కావాలని హిట్లర్ సమావేశంలో తేల్చింది 1941 మే 26న. రష్యా మీద దాడి మొదలైంది జూన్ 22న. అంటే టీ-34తో జర్మన్లకు అప్పటికింకా ముఖాముఖి కాలేదు.

ఈ తేదీల తేడా ట్యాంకు ఒంటి మీదే కనిపిస్తుంది. టైగర్ పలకలు దాదాపు నిటారుగా ఉంటాయి, పెట్టెకు మూత పెట్టినట్టు. తర్వాత వచ్చిన జర్మన్ ట్యాంకు పాంథర్ ముందు పలక 80 మిల్లీమీటర్లే, కానీ బాగా వాల్చి పెట్టారు కాబట్టి ఎదురుగా వచ్చే గుండుకు టైగర్ 100 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ మందం అడ్డొస్తుంది. బరువు చూస్తే పాంథర్ 45 టన్నులే. వాల్చడం నేర్చుకోకముందే టైగర్ బొమ్మ గీసేశారన్నమాట. పక్కల మాత్రం టైగర్ చాలా మేలు. పైన 80, చక్రాల వెనక 60. పాంథర్ పక్కలు పల్చన.

ఎనభైఎనిమిది | శనివారం రాత్రి 10:31

నిటారుగా ఉన్నా సిబ్బందికి ఒక చిట్కా నేర్పారు కదా. శత్రువుకు ఎదురుగా నిలబడకుండా కొంచెం ఓరగా నిలబెట్టమని.

తెల్లకాగితం | శనివారం రాత్రి 10:48

నేర్పారు, అదీ భలే తమాషాగా నేర్పారు. 1943 ఆగస్టులో జర్మన్ ట్యాంకు దళాల జనరల్ గుడేరియన్ ఆమోదంతో టైగర్ సిబ్బందికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. టైగర్‌ఫీబెల్ అంటారు, అంటే టైగర్ పెద్దబాలశిక్ష లాంటిది. పద్యాలు, కార్టూన్లు, మధ్యమధ్యలో ఒక అమ్మాయి బొమ్మలు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు మామూలు మాన్యువల్ చదవరని రాసినవాడికి బాగా తెలుసు.

అందులో ట్యాంకు చుట్టూ గడియారం గీశారు. శత్రువు పన్నెండు గంటల దిక్కున, అంటే సరిగ్గా ముక్కుకు ఎదురుగా ఉండకూడదు. పదిన్నర దిక్కునో ఒకటిన్నర దిక్కునో ఉండేలా బండిని తిప్పుకోవాలి. అప్పుడు ముందు పలక, పక్క పలక రెండూ ఏటవాలుగా ఉంటాయి. వీటికి భోజన వేళలని పేరు పెట్టారు, కుర్రాళ్ళు మరిచిపోకుండా. డిజైన్‌లో లేని వాలు డ్రైవర్ చేత తెప్పించారన్నమాట.

పాతహవల్దార్ | ఆదివారం ఉదయం 6:05

గోదారిగాలి బాబూ, నీ కొడుకు అడిగిన ప్రశ్న మంచిది. నేను ఈఎంఈలో, అంటే సైన్యంలో బండ్లు, ఆయుధాలు బాగుచేసే విభాగంలో, 24 ఏళ్ళు చేసి వచ్చాను. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ట్రైనింగు, తర్వాత ఎక్కువ కాలం పంజాబ్, రాజస్థాన్ వైపు రికవరీ పని. అంటే బురదలో దిగబడ్డ ట్యాంకును, ఇంజను ఆగిన ట్యాంకును లాక్కొచ్చే పని. మీరంతా గుండు, కవచం అంటున్నారు. నాకు ట్యాంకు అనగానే మొదట వచ్చే ప్రశ్న వేరే: ఇది ఆగిపోతే ఎవడు లాగుతాడు?

టైగర్‌కు ఆ జవాబు చాలా ఖరీదు. జర్మన్లకు ఉన్న పెద్ద లాగుడు బండి 18 టన్నుల ఫామో, ముందు చక్రాలు, వెనక చైన్లు ఉండేది. ఒక్క టైగర్‌ను లాగాలంటే అవి మూడు కట్టాలి. దారి బాగా లేకపోతే ఇంకా ఎక్కువే. ఒక టైగర్‌ను ఇంకో టైగర్‌తో లాగొద్దని ఆర్డరు. ఎందుకంటే లాగే బండి గేరుబాక్సు కూడా పోతుంది, అప్పుడు రెండు ఆగిపోయిన టైగర్లు. ఆర్డరు ఉన్నా లాగేవాళ్ళనుకోండి. కళ్ళ ముందు శత్రువు వస్తుంటే ఆర్డరు ఎవడు చూస్తాడు?

పాంథర్ ఒంటి మీద కట్టిన రికవరీ బండి, బెర్గెపాంథర్, 1943లో వచ్చింది. అవసరానికి చాలినన్ని ఎప్పుడూ రాలేదు.

మేం నేర్చుకున్న పాఠం ఒకటుంది. యుద్ధంలో నేల ఎవడి చేతిలో ఉంటుందో వాడి ట్యాంకులు బతుకుతాయి. ముందుకు పోతున్న సైన్యం ఆగిపోయిన బండిని వెనక వచ్చి బాగు చేసుకుంటుంది. వెనక్కి తగ్గే సైన్యానికి ఆగిపోయిన బండి పోయిన బండే. 1943 జూలై తర్వాత జర్మనీ వెనక్కే పోయింది. చాలా టైగర్లను శత్రువు కొట్టలేదు, డీజిల్... తప్పు, పెట్రోలు అయిపోయో, గేరు విరిగో ఆగిపోతే సిబ్బందే పేలుడు మందు పెట్టి పేల్చుకున్నారు.

ఆటోనగర్_శీను | ఆదివారం ఉదయం 9:20

హవల్దార్ గారికి నమస్కారం. మాది బెజవాడ, లారీ గేరుబాక్సుల పని. ట్యాంకుల గురించి నాకు తెలిసింది తక్కువే, కానీ గేరు అనేసరికి ఆగలేకపోయాను. యూట్యూబులో ఒక వీడియో చూశా, టైగర్ గేరుబాక్సు తీయాలంటే ముందు టరెట్ (పైన ఫిరంగితో తిరిగే గోపురం) ఎత్తాలట. నిజమేనా? 11 టన్నుల టరెట్! క్లచ్ ప్లేటు మార్చడానికి లారీ బాడీ మొత్తం దింపినట్టు ఉంది.

పాతహవల్దార్ | ఆదివారం ఉదయం 9:55

నిజమే శీనూ. ఇంజను వెనక, గేరుబాక్సు ముందు డ్రైవర్ పక్కన, నడిపే పళ్ళ చక్రం ముందు. గేరుబాక్సు బయటికి రావడానికి దారి పైనుంచే. అందుకే ప్రతి టైగర్ బెటాలియన్ వర్క్‌షాపుకూ పెద్ద క్రేన్ ఫ్రేమ్ ఉండేది. దాన్ని నిలబెట్టడమే ఒక పూట పని. విమానాలు తిరుగుతున్న ఆకాశం కింద ఆ పని చేయడం ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో.

ఆటోనగర్_శీను | ఆదివారం ఉదయం 10:30

నాకు అర్థమైంది చెబుతా, తప్పైతే సరిదిద్దండి. 45 టన్నుల బండిగా మొదలుపెట్టారు, పూర్తయ్యేసరికి 57 టన్నులైంది. ఇంజను, గేరుబాక్సు, చివరి పళ్ళ చక్రాలు (ఫైనల్ డ్రైవ్ అంటారు కదా) అన్నీ ఆ బరువును చచ్చీచెడీ లాగాలి. మా దగ్గరికి వచ్చే బండ్లలో సగం ఇదే కేసు. కంపెనీ చెప్పిన లోడు ఒకటి, ఓనరు వేసే లోడు ఇంకోటి. గేరు విరిగితే "నీ పని బాలేదు" అని మన మీద పడతాడు.

మొదటి 250 టైగర్లకు 21 లీటర్ల మేబాక్ ఇంజను, 650 హార్స్‌పవర్. తర్వాత 23 లీటర్లది, 700 హార్స్‌పవర్. టన్నుకు 12 హార్స్‌పవర్. టీ-34కు 17 దాకా వస్తుంది. తర్వాత వచ్చిన కింగ్ టైగర్‌కైతే 70 టన్నులకూ అదే 700 ఇంజను! ఎవరండీ ఆ లెక్క వేసింది?

కానీ ఒకటి ఒప్పుకోవాలి. నడపడానికి మాత్రం అది మహరాజా బండి. ఓల్వార్ గేరుబాక్సు, 8 ముందు గేర్లు, 4 రివర్సు. గేరు ముందే ఎంచుకుంటే అదే నూనె ఒత్తిడితో మారుతుంది. కారులా స్టీరింగు చక్రం, వేలితో తిప్పొచ్చు. ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది కూడా. ఆ రోజుల్లో టీ-34 డ్రైవరు గేరు మార్చాలంటే రెండు చేతులతో కుస్తీ. తేలిగ్గా నడిచే బండి, కష్టంగా బాగుపడే బండి. మాకు అలాంటి కస్టమర్లంటే ఇష్టం, మిలిటరీకి ఇష్టం ఉండకపోవచ్చు.

గోదారిగాలి | ఆదివారం ఉదయం 11:10

చక్రాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నా. కిట్‌లో చక్రాలే ఒక సంచీ నిండా ఉన్నాయి. ఒక్కో పక్క ఎనిమిది ఇరుసులు, ఇరుసుకు మూడు చక్రాలు. రెండు పక్కలా కలిపి 48. అవి ఒకదాని సందులో ఒకటి, చీట్ల పేక కలిపినట్టు దూరి ఉంటాయి. ఇదేం పిచ్చి?

తెల్లకాగితం | ఆదివారం ఉదయం 11:42

పిచ్చి కాదు, కారణం ఉంది. 57 టన్నుల బరువు నేల మీద సమంగా పరవాలి, ఇరుసుకు ఎక్కువ చక్రాలుంటే ఒక్కో చక్రం రబ్బరు మీద బరువు తగ్గుతుంది. అందుకే బాగున్న నేల మీద టైగర్ ప్రయాణం మెత్తగా ఉండేదని చెబుతారు.

ఖర్మ ఎక్కడంటే, లోపలి చక్రం రబ్బరు చిరిగితే బయటి చక్రాలు వరసగా విప్పుకుంటూ లోపలికి పోవాలి. రష్యాలో ఇంకో గొడవ, చక్రాల సందుల్లో దూరిన బురద, మంచు రాత్రికి గడ్డకడితే తెల్లారి బండి కదలదు. 1944 మొదట్లో ఇరుసుకు రెండే చొప్పున ఉక్కు చక్రాలు పెట్టారు. రబ్బరు కొరత కూడా దానికి కారణమే. గోదారిగాలి గారూ, మీకు తొందరగా అయిపోవాలంటే ఉక్కు చక్రాల కిట్ కొనుక్కోవలసింది.

బోర్న్‌మత్‌బాబు | ఆదివారం మధ్యాహ్నం 3:18

ఇంగ్లండ్ నుంచి ఒక మాట. నేనుండేది బోర్న్‌మత్‌లో, కారులో కొద్ది దూరంలోనే బోవింగ్‌టన్ ట్యాంక్ మ్యూజియం. అక్కడ టైగర్ 131 ఉంది. ఇప్పటికీ సొంత కాళ్ళ మీద నడిచే టైగర్ 1 ప్రపంచంలో అదొక్కటే. ఏటా కొన్ని రోజులు మైదానంలోకి తెస్తారు. నేను రెండు సార్లు చూశాను.

దాని కథ చెబుతా. 504వ హెవీ ట్యాంక్ బెటాలియన్‌ది. 1943 ఏప్రిల్‌లో ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీసియాలో బ్రిటిష్ వాళ్ళ చేతికి దొరికింది. దానికి తగిలింది పెద్ద ఫిరంగి గుండు కాదు, 6 పౌండర్ అనే చిన్నది, 57 మిల్లీమీటర్లది. ఏ గుండూ కవచం చీల్చలేదు. ఒకటి ఫిరంగి గొట్టం అడుగున తగిలి కిందికి జారి టరెట్ సందులో ఇరుక్కుంది. అంతే, టరెట్ తిరగలేదు. సిబ్బంది దిగి పారిపోయారు. 100 మిల్లీమీటర్ల ఉక్కుకు దారి దొరక్కపోయినా సందుకు దొరికింది.

తర్వాత ట్యునిస్‌లో చర్చిల్‌కూ, ఆరో జార్జ్ రాజుకూ చూపించి, ఇంగ్లండ్ తెచ్చి నట్టు నట్టు విప్పి పరీక్షించారు. 2003లో మళ్ళీ నడిపించారు. నేను చూసినప్పుడు నా పక్కనున్న పెద్దాయన చెవులు మూసుకున్నాడు. నాకు మాత్రం అనిపించింది వేరే. అంత పెద్ద ఇనుము నడుస్తుంటే వచ్చే ఇంజను మోత, దొర్లే చైన్ల చప్పుడు కలిసి మన వైపు రోడ్డు రోలర్, రైలు ఇంజను ఒకేసారి వచ్చినట్టుంది.

నల్లరేగడి | ఆదివారం సాయంత్రం 5:02

ట్యునీసియా అన్నారు కాబట్టి. ఆ యుద్ధంలో మన 4వ భారత డివిజన్ ఉంది. దాంతో ఉన్న ఇంజనీర్లలో మద్రాసు శాపర్ల (సైనిక ఇంజనీర్ల) కంపెనీ ఒకటి. అందులో తెలుగువాళ్ళు కూడా పనిచేసేవాళ్ళు. జర్మన్ సేనాని ఫాన్ ఆర్నిమ్ 1943 మేలో లొంగిపోయింది ఆ డివిజన్‌కే. 131 దొరికిన మర్నెలలోనే. మన ఊళ్ళల్లో ఆ తరం దాదాపు వెళ్ళిపోయింది.

దగ్గర్లో 88 చూడాలనుకునేవాళ్ళు మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) ట్యాంకు మ్యూజియానికి వెళ్ళండి. టైగర్ లేదు గానీ, ఆ ఫిరంగికి అన్న లాంటి నేల మీద పెట్టే 88 ఉంది. చర్చిల్, మటిల్డా, వాలెంటైన్ కూడా ఉన్నాయి. హైదరాబాద్ నుంచి ఒక రాత్రి ప్రయాణం.

ఎనభైఎనిమిది | ఆదివారం సాయంత్రం 6:30

మీరంతా కలిసి టైగర్‌ను తుక్కు చేసేలా ఉన్నారు. ఒక టైగర్‌ను కొట్టడానికి ఐదు షెర్మన్లు కావాలని అమెరికన్లే అన్నారు కదా? ఫ్రాన్సులోని విలేర్-బొకాజ్‌లో జర్మన్ ట్యాంకు కమాండర్ విట్‌మన్ ఒక్క ట్యాంకుతో బ్రిటిష్ వరస మొత్తాన్ని చీల్చేశాడు. 1944 జూన్ 13. దానికేమంటారు?

తెల్లకాగితం | ఆదివారం రాత్రి 8:05

ఐదు షెర్మన్ల లెక్క ముందు. అప్పట్లో అమెరికన్ ట్యాంకు ప్లటూన్‌లో ఐదు ట్యాంకులుండేవి. ఏ పనికి పంపినా ఐదూ కలిసే పోయేవి. శత్రువు ఒక్క ట్యాంకు అయినా, ఒక్క తుపాకీ గూడు అయినా. అది కాలక్రమంలో "టైగర్‌కు ఐదు" అయింది. ఇంకో మాట, పశ్చిమ ఐరోపాలో అమెరికన్లకు టైగర్ 1 ఎదురైంది చాలా తక్కువసార్లు. అటు వైపు టైగర్లు ఎక్కువగా బ్రిటిష్, కెనడా సేనల మీదికి వెళ్ళాయి. కానీ పక్కలకు రేకులు వేలాడదీసిన పాంజర్ 4 (జర్మన్ల మామూలు ట్యాంకు) కూడా దూరం నుంచి పెట్టెలా కనిపిస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా దాన్ని టైగర్ అనే రాస్తారు.

విలేర్-బొకాజ్ పొద్దుటి సంగతి నిజమే. మధ్యాహ్నం సంగతి ఎవరూ చెప్పరు. అదే రోజు అదే ఊరి వీధుల్లోకి దిగిన టైగర్లలో కొన్నింటిని బ్రిటిష్ వాళ్ళు సందుల్లో కాచుకుని పక్కల నుంచి కొట్టారు. అదే ఏడాది ఆగస్టు 8న విట్‌మన్ టైగర్ కూడా పోయింది, అతనూ పోయాడు. ఎవరి గుండు అన్నది ఇంకా వాదించుకుంటున్నారు. అప్పటికి 17 పౌండర్ అనే పెద్ద ఫిరంగి బిగించిన షెర్మన్ ఫైర్‌ఫ్లై వచ్చేసింది. తూర్పున టీ-34-85, ఐఎస్-2, మృగాల వేటగాడని సైనికులు పిలుచుకున్న ఎస్‌యూ-152 వచ్చాయి. 1943లో ఎదురులేనిది 1944 వేసవికి పది మందిలో ఒకటి అయింది.

మోడరేటర్ | ఆదివారం రాత్రి 8:40

ఒక్క మాట. విట్‌మన్ నాజీల ఎస్ఎస్ దళం అధికారి. ట్యాంకు గురించి ఎంతైనా మాట్లాడుకోండి, మనుషులను హీరోలుగా నిలబెట్టే పోస్టులు తీసేస్తాను. ఎనభైఎనిమిది గారూ, మీది ఉంచాను. ముందుగా చెబుతున్నానంతే.

ఎనభైఎనిమిది | ఆదివారం రాత్రి 8:52

అర్థమైందండీ. నా ఉద్దేశం అది కాదు, ట్యాంకు సత్తా గురించే. సారీ.

చిల్లరలెక్క | ఆదివారం రాత్రి 10:20

నాకు ఇంజన్లు తెలియవు, అకౌంట్లు తెలుసు. ఫిరంగి, రేడియో లేకుండా ఒక టైగర్ ఖర్చు 2,50,800 రైష్ మార్కులు. పాంజర్ 4 ధర 1,03,462. పాంథర్ 1,17,100. అంటే ఒక టైగర్ డబ్బుతో రెండు పాంథర్లు, పైన చిల్లర. జర్మనీకి అప్పటికే పెట్రోలు లేదు, నికెల్ లేదు, పనివాళ్ళు లేరు. అటు పక్క షెర్మన్లు 49 వేలు, టీ-34లు యుద్ధ కాలంలోనే 50 వేలు దాటాయి. గోదారిగాలి గారి అబ్బాయికి ఈ ఒక్క లైను చూపిస్తే చాలు.

తమాషా ఒకటి: జపాన్ వాళ్ళు ఒక టైగర్ కొన్నారు. వాళ్ళ దగ్గర వసూలు చేసింది 6,45,000 మార్కులు. ఓడలో పంపడం కుదరలేదు, ట్యాంకు జపాన్ చేరనే లేదు. డబ్బు కట్టేశారు, సరుకు అందలేదు. చివరికి అదే ట్యాంకును జర్మన్ సైన్యం అద్దెకు తీసుకుంది. ఆన్‌లైన్ షాపింగ్‌లో నాకు జరిగినదానికంటే ఇది ఘోరం.

ఎనభైఎనిమిది | ఆదివారం రాత్రి 10:44

లెక్కలో నేను ఒప్పుకోనిది ఒకటుంది. టైగర్‌ను మామూలు ట్యాంకులా అందరికీ పంచడానికి చేయలేదు. 45 ట్యాంకుల ప్రత్యేక బెటాలియన్లుగా పెట్టారు. గట్టి చోట గోడ బద్దలుకొట్టడానికి పంపేది. గడ్డి కోసే కొడవలితో గునపాన్ని పోల్చితే ఎలా?

పాతహవల్దార్ | సోమవారం ఉదయం 6:30

ఎనభైఎనిమిది బాబు మాటలో న్యాయం ఉంది. గునపం గునపమే. కానీ గునపాన్ని జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగితే? జరిగింది అదే. గోడ బద్దలుకొట్టే బండిని మంటలార్పే బండిలా వాడారు. ఇవాళ ఇక్కడ, రేపు వంద కిలోమీటర్ల అవతల. అంత దూరం సొంత చైన్ల మీద నడిపితే సగం దారిలోనే కూర్చుంటుంది. అందుకే రైలు ఎక్కించాలి. రైలు ఎక్కించడం ఎలాగో గోదారిగాలి కొడుకుకు నచ్చుతుంది, చెబుతా.

టైగర్ యుద్ధపు చైను వెడల్పు 725 మిల్లీమీటర్లు. దానితో బండి వెడల్పు 3.7 మీటర్లు. రైలు సొరంగాల్లో, ఎదురు పట్టాల మీద వచ్చే బండికి తగులుతుంది. అందుకని 520 మిల్లీమీటర్ల ఇరుకు చైను ఇంకో జత. స్టేషనుకు రాగానే వెడల్పు చైన్లు విప్పాలి, బయటి వరస చక్రాలు తీయాలి, ఇరుకువి ఎక్కించాలి, వ్యాగను మీదికి నడపాలి. దిగేచోట ఇదంతా తిరగేసి చేయాలి. ఆ వెడల్పు చైన్లు కూడా అదే రైల్లో రావాలి. ఇది వానలో, చీకట్లో, ఒక్కోసారి బాంబుల కింద.

వంతెనలు మరో గొడవ. 57 టన్నులు మోసే వంతెనలు ఆ రోజుల్లో రష్యాలో ఎన్ని? అందుకే మొదటి 495 ట్యాంకులను నాలుగు మీటర్ల లోతు నీటి అడుగున నడిచేలా చేశారు, గాలి గొట్టం పెట్టి. తర్వాత ఆ సరంజామా మానేశారు, ఖర్చు దండగని.

మొదటిసారి దించింది ఎక్కడో తెలుసా? లెనిన్‌గ్రాడ్ దగ్గర మ్గా. 1942 ఆగస్టు 29, నాలుగే నాలుగు ట్యాంకులు. చిత్తడి నేల. మొదటి రోజే వాటిలో చాలా వరకు గేరుబాక్సులు, ఇంజన్లు మొరాయించాయి. సెప్టెంబరులో మళ్ళీ పంపితే బురదలో కూరుకున్నాయి. 1943 జనవరిలో అదే ప్రాంతంలో ఒకటి రష్యన్లకు దాదాపు కొత్తదిలా చిక్కింది. దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ కొడితే పోతుందో తీరిగ్గా చూసుకున్నారు. రహస్యం ఐదు నెలలు కూడా నిలవలేదు.

1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ పోరు మీకు తెలుసు. పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు మన సెంచూరియన్ల కంటే, పాత షెర్మన్ల కంటే కొత్తవి. మనవాళ్ళు చెరకు పొలాల్లోకి నీళ్ళు వదిలారు. పాటన్లు దిగబడ్డాయి. మా ఉస్తాదులు ఆ కథ చెప్పేటప్పుడు పాటన్ గురించి చెడ్డగా మాట్లాడేవారు కాదు. నేల గురించి మాట్లాడేవారు.

ఆటోనగర్_శీను | సోమవారం ఉదయం 8:15

చైను మార్చే పని చదివి నాకు చెమట పట్టింది సర్. మైలేజీ ఎంత?

పాతహవల్దార్ | సోమవారం ఉదయం 8:40

పెట్రోలు పట్టేది 540 లీటర్లు. మంచి రోడ్డు మీద ఒక్క నింపుడుతో వంద కిలోమీటర్లు, ఇంకాస్త పైన. పొలాల్లో పడితే అందులో సగం. రోడ్డు మీదే లీటరుకు 200 మీటర్లు అనుకో.

ఆటోనగర్_శీను | సోమవారం ఉదయం 8:43

మా ఓనర్లు విన్నారంటే గుండె ఆగి పోతారు.

బోర్న్‌మత్‌బాబు | సోమవారం మధ్యాహ్నం 2:10

టరెట్ గురించి ఒకటి మిగిలింది. టరెట్‌ను తిప్పే హైడ్రాలిక్‌కు బలం ఇంజను నుంచే వస్తుంది. ఇంజను వేగంగా తిరిగితే టరెట్ వేగంగా తిరుగుతుంది, అయినా పూర్తి చుట్టుకు నిమిషం దాకా పట్టేది. ఇంజను ఆపి పొంచి ఉంటే గన్నర్ చేత్తో తిప్పాలి. పూర్తి చుట్టుకు 720 సార్లు. దగ్గరికొచ్చిన షెర్మన్ టరెట్ దీనికంటే చాలా త్వరగా తిరిగేది. అందుకే పక్కల నుంచి వచ్చేవాడికి ప్రాణం మీద ఆశ ఉండేది.

నార్మండీలో విమూటియే అనే ఊరి దగ్గర రోడ్డు పక్కన ఒక టైగర్ దశాబ్దాలుగా నిలబడి ఉండేది. 1944 ఆగస్టులో వెనక్కి పోతూ వదిలేసినది. నేను కిందటేడు అటు వెళ్ళాను. చుట్టూ ఆపిల్ తోటలు. హవల్దార్ గారు చెప్పిన మాటే అక్కడ కళ్ళారా చూశాను. ముందు పలక మీద పెద్ద గాయమేమీ లేదు.

తెల్లకాగితం | సోమవారం సాయంత్రం 7:25

హవల్దార్ గారి మాటకు చిన్న సవరణ, కోపం తెచ్చుకోకండి. టైగర్ ఎప్పుడూ చెడిపోయి ఉండేదన్నది కొంచెం ఎక్కువ చెప్పినట్టు. 1944 నాటికి మొదటి జబ్బులు చాలా నయం చేశారు. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరగకుండా 2,500 దగ్గర ఆపారు. విడిభాగాలు, క్రేన్, వారం రోజుల సమయం ఉన్న బెటాలియన్లో సిద్ధంగా ఉన్న టైగర్ల శాతం పాంజర్ 4 కంటే పెద్దగా తక్కువేం కాదు. ఆ మూడూ ఒకేసారి దొరకడమే అరుదు.

పాతహవల్దార్ | సోమవారం సాయంత్రం 7:50

కోపమెందుకు నాయనా, నువ్వు చెప్పింది నేను చెప్పిందే. క్రేనూ, సామాన్లూ, వారం టైమూ ఇస్తే మా వర్క్‌షాపులో ఎద్దుల బండి కూడా యుద్ధానికి తయారు.

గోదారిగాలి | సోమవారం రాత్రి 9:30

అందరికీ చేతులెత్తి దండం. మా వాడికి రైలు ఎక్కించే కథ చెప్పాను, నిద్రపోకుండా మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఫిరంగి గురించి అడగడం మానేసి ఇప్పుడు ఫామో బొమ్మలు మూడు కొనమంటున్నాడు. ఒక్కోటి ట్యాంకు కిట్ కంటే ఖరీదు, చిల్లరలెక్క గారు చూడకపోతే బాగుండు.

ఇంకో దుర్వార్త. ఎడమ పక్క చక్రాలన్నీ అతికాక డబ్బాలో ఒక లోపలి చక్రం మిగిలి ఉంది. మూడో ఇరుసుది.

ఆటోనగర్_శీను | సోమవారం రాత్రి 9:34

విప్పండి మరి. బయటివి ముందు.

పాతహవల్దార్ | సోమవారం రాత్రి 9:41

గమ్ ఎండక ముందే విప్పు బాబూ. ఇంతకీ చైను ఏది వేస్తున్నావు, 725దా, 520దా? ఇరుకుది వేసేటట్టయితే బయటి చక్రాలు ఎలాగూ అక్కర్లేదు.